స్వరయంత్రముల చరిత్ర – సామాన్య గాయకుని ఎన్నిక

తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో బిడ్డలు బడియందు కన్నడమో, తమిళమో, ఒరియాయో, మరాఠీయో చదువుచున్నారు. తెలుగు అక్షరములు గుర్తింపలేని బిడ్డ సైతము నాయనమ్మ నేర్పిన మంగళహారతిని, తాతగారు నేర్పిన నాటక పద్యమును తప్పు లేకుండ పాడగలుగుట మనమందఱము ఎఱిగినదే. లిపి చేరని ఇండ్లకు గూడ పాట చేరినది.

అయితే పాటకు శ్రుతి కావలెను; తోడు కావలెను. పెద్ద పట్టణములలో ధనము వెచ్చించినచో పక్కవాద్యములవారు దొరకుదురు. చిన్న ఊళ్లలో హార్మోనియము వాయించు పెద్దలు ఒక్కొక్కరుగా తరలిపోవుచున్నారు. ఉగాది పండుగకు పద్యము పాడదలచిన బాలునకు స్వరమందించువారు లేక, ఆ పద్యమే కార్యక్రమము నుండి తొలగిపోవు స్థితి ఏర్పడుచున్నది. ఇట్టి సమయమున మన యువకులు సింథసైజరు అను విద్యుత్ స్వరయంత్రమును కోరుచున్నారు. అది యెట్టిది, దాని వెల యెంత, మన సంగీతమునకు పనికివచ్చునా యని పెద్దలు అడుగుచున్నారు. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానము అంగడిలోని ధరల పట్టికయందు కంటె ఆ యంత్రముల చరిత్రయందే ఎక్కువగా కలదు.

నేను సంగీత విద్వాంసుడను గాను. ఉద్యోగమంతయు జమాఖర్చులు వ్రాయుటలో గడపిన గుమాస్తాను. కనుక ఈ వ్యాసమున రాగలక్షణ చర్చ కంటె, ఇంత వెలకు ఇంత పని జరుగునా యను లెక్కయే పాఠకులకు ఎక్కువగా కనబడును.

హార్మోనియము నేర్పిన పాఠము

మనకు నేడు స్వదేశీయముగా తోచు హార్మోనియము పారిస్ నగరమున పుట్టినది. అలెగ్జాండర్ డెబాన్ అను వాద్యనిర్మాత 1842లో దానికి పేటెంటు పొందెను. అది కుర్చీపై కూర్చుండి రెండు కాళ్లతో తిత్తిని త్రొక్కుచు వాయించు వాద్యము. 1875లో కలకత్తాయందు స్థాపింపబడిన ద్వార్కిన్ సంస్థకు అధిపతియైన ద్వారకానాథ ఘోషుగారు దానిని నేలపై కూర్చుండి వాయించుటకు వీలుగా చిన్నదిగా మలచిరని ప్రసిద్ధి. నాటినుండి ఎడమ చేయి తిత్తి నూదుటకును, కుడి చేయి మెట్లను నొక్కుటకును వినియోగపడినవి. వీణవలె నిత్యము శ్రుతి చేయనక్కఱలేదు. ధ్వని పందిరి చివరి వఱకు వినబడును. వెల సామాన్యునకు అందును. ఈ మూడు గుణములచేత అది భజన మందిరములందును నాటక సమాజములందును ప్రవేశించినది.

తెలుగు నాటకమునకు పుట్టిల్లువంటి పట్టణములలో బళ్లారి యొకటి. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును, కోలాచలము శ్రీనివాసరావుగారును, తరువాత బళ్లారి రాఘవగారును ఆ పట్టణమునకు కీర్తి తెచ్చినవారే. ఆచార్యులవారు తమ నాటకములయందు పద్యములతోపాటు పాటలకును గొప్ప స్థానమిచ్చిరి. నాడు మద్రాసు రాజధానిలో నుండిన ఆ పట్టణము 1953లో మైసూరు రాష్ట్రమున చేరి, నేడు కర్ణాటకమున నున్నది. సరిహద్దు గీత మారినను పద్యము మారలేదు. ఆ పద్యమునకు ముందు స్వరమందించి, నడుమ రాగమును నిలిపి, చివర గాయకుడు ఊపిరి తీసికొను లోపల ఖాళీని పూరించునది హార్మోనియమే.

ఈ వాద్యమునకు పెద్దల ఆమోదము సులభముగా లభింపలేదు. అఖిల భారత రేడియో 1940 మార్చి 1వ తేదీ నుండి హార్మోనియమును తన ప్రసారములనుండి బహిష్కరించెను. ఆక్షేపణలు రెండు. మొదటిది: దాని పండ్రెండు స్వరస్థానములు పాశ్చాత్య పద్ధతిని బిగింపబడినవి, మన శ్రుతిభేదములకు అవి లొంగవు. రెండవది: ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జాఱుటకు దారి లేదు, కనుక గమకము పలుకదు. ఈ నిషేధము 1971లో కొంతవఱకు సడలింపబడెను. ఈ ముప్పది యేండ్లును పద్యనాటకము హార్మోనియమును విడువలేదు.

ఆక్షేపించినవారు చెప్పిన లోపములు నిజమైనవే. ప్రజలు దానిని విడువకుండుటయు సకారణమే. దొరకని ఉత్తమ వాద్యము కంటె చేతనున్న మధ్యమ వాద్యము పాటను బ్రదికించును. అయితే ఆ రెండు లోపములను మనము మఱువరాదు. తరువాత వచ్చిన ప్రతి యంత్రమును ఆ గీటురాతిపైననే పరీక్షింపవలెను.

విద్యుత్ స్వరము పుట్టుక

విద్యుచ్ఛక్తిచే సంగీతము పలికించుటకు మొదట జరిగిన ప్రయత్నములు సామాన్యునకు అందునవి కావు. అమెరికాయందు థాడియస్ కాహిల్ 1897లో టెల్హార్మోనియము అను యంత్రమునకు పేటెంటు పొందెను. 1906లో న్యూయార్కునందు నెలకొల్పిన ఆ యంత్రము సుమారు 200 టన్నుల బరువు గలది. దాని సంగీతమును టెలిఫోను తీగలద్వారా హోటళ్లకు పంపిరి. ఆ వ్యాపారము కొలది యేండ్లలోనే చితికిపోయెను.

1920 ప్రాంతమున రష్యాదేశీయుడగు లెవ్ తెర్మెన్ మెట్లే లేని వాద్యమును కల్పించెను. దాని ముందు గాలిలో చేతులు కదల్చినచో స్వరము హెచ్చుతగ్గులగును. హార్మోనియమునకు గల లోపము దీనికి లేదు. స్వరము ఎంతయైన జాఱును. కాని చేయి నిలుపుటకు ఆధారము లేనందున దానిని సాధించుట మిక్కిలి కష్టము.

ఫ్రాన్సు దేశమున కాన్‌స్టాంట్ మార్టిన్ 1947లో క్లావియోలిన్ అను చిన్న మెట్ల వాద్యమును నిర్మించెను. దాని పేరు వినని మన పాఠకులు సైతము దాని ధ్వనిని వినియే యుందురు. 1954లో వెలువడిన ‘నాగిన్’ హిందీ చిత్రమున హేమంత్ కుమార్ సంగీతమునకు కల్యాణ్‌జీగారు పలికించిన పాములవాని నాదస్వరపు ధ్వని ఈ విద్యుద్వాద్యమునుండి పుట్టినదే. చిన్న యంత్రమైనను మన చెవికి అలవాటైన నాదమును వాయించువాని నేర్పు దానినుండి పుట్టింపగలదని ఆ పాట నాడే నిరూపించెను.

1957లో అమెరికాయందు ఆర్.సి.ఎ. సంస్థవారు నిర్మించిన రెండవ సింథసైజరు ఒక గదినంతయు ఆక్రమించెను. దానిని చేతబట్టి కచేరి చేయుట అసాధ్యము. ఈ స్థితిని మార్చినవాడు రాబర్ట్ మోగ్. అతడు పెద్ద ధనికుడు కాడు. 1961లో తెర్మెన్ వాద్యపు విడిభాగములను సుమారు 50 డాలర్ల వెలకు, కొన్నవారే బిగించుకొనునట్లు అమ్మి జీవనము గడపినవాడు. 1964లో హెర్బర్ట్ డాయిష్ అను స్వరకర్త తోడ్పాటుతో తన సింథసైజరును రూపొందించెను.

ఆ యంత్రము పనిచేయు విధము మనకు కొత్తది కాదు. వీణయందు తీగ కంపించి స్వరము పుట్టించును. ఇందు ఆసిలేటరు అను విద్యున్మార్గము ఆ పని చేయును. వీణకు కుండ, సొరకాయబుఱ్ఱ నాదమును మలచునట్లు ఇందు ఫిల్టరు మలచును. వీణ మీటినపుడు ధ్వని ఒక్కసారిగా లేచి క్రమముగా తగ్గును. సన్నాయి ఊదినంతసేపును నిలుచును. ఆ లేచుట, నిలుచుట, తగ్గుటలను నిర్ణయించు భాగమునకు ఎన్వలప్ అని పేరు. ఈ మూడు భాగములు తెలిసినవానికి ఏ సింథసైజరు నెదుట కూర్చుండినను భయము లేదు.

1968లో కార్లోస్ మోగ్ యంత్రముపై బాఖ్ కృతులను వాయించి వెలువరించిన రికార్డు ప్రపంచమున దాని పేరు మ్రోగించెను. 1970లో మినీమోగ్ వచ్చెను. దాని వెల 1,495 డాలర్లు. ఒక్కసారికి ఒక్క స్వరమే పలుకును. కాని మెట్లకు ఎడమవైపున ఒక చిన్న చక్రమున్నది. దానిని ముందు వెనుకలకు త్రిప్పినచో పలుకుచున్న స్వరము హెచ్చును, తగ్గును, ఊగును. పాశ్చాత్యులు దానిని గిటారు తీగను లాగినట్టి ధ్వనికై వాడుకొనిరి. మనకు దాని విలువ అంతకంటె ఎక్కువ. హార్మోనియముపై తిత్తి నూదిన ఎడమ చేతికి తీరిక లభించి, ఆ చేతికే గమకము అప్పగింపబడినది. 1940 నాటి రెండవ ఆక్షేపణకు సమాధానము ఈ చక్రమునందున్నది.

వెల తగ్గిన విధము

వెలను సామాన్యుని అందుబాటులోనికి తెచ్చినవారు ముఖ్యముగా జపానువారు. ఇకుతారో కాకెహషి 1972లో ఒసాకాయందు రోలాండ్ సంస్థను స్థాపించెను. 1978లో కోర్గ్ సంస్థవారి ఎం.ఎస్. 20 వచ్చెను. 1981లో కాసియో వారు విఎల్-1 అను యంత్రమును సుమారు 70 డాలర్లకే అమ్మిరి. అది సగము గణన యంత్రము, సగము వాద్యము. పెద్దవారు దానిని ఆటవస్తువని నవ్విరి. అయినను స్వరము కలిపి పాట కట్టుటకు అది చాలునని బాలురు కనుగొనిరి.

1983వ సంవత్సరము ఈ చరిత్రలో రెండు విధముల ముఖ్యమైనది. ఆ యేట యమహా వారి డిఎక్స్-7 వెలువడెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్న పద్ధతిపై అది నిర్మింపబడినది. వెల 1,995 డాలర్లు. ఒకేసారి పదునాఱు స్వరములు పలుకును. ఆ యేటనే వేర్వేఱు సంస్థల యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు మిడి అను ఒప్పందము ఆచరణలోనికి వచ్చెను. అమెరికా వాసి డేవ్ స్మిత్, జపాను వాసి కాకెహషి దీనికి ముఖ్య కారకులు. 2013లో వారిరువురకును గ్రామీ సాంకేతిక పురస్కారము లభించెను. పోటీదారులైన వర్తకులు ఒక్క భాషకు అంగీకరించుటచే కొనువానికి మేలు కలిగెను. నేటికిని పాత మిడి యంత్రమును కొత్త యంత్రముతో కలుపవచ్చును.

ఇచ్చట ఒక విచిత్రమును గమనింపవలెను. రోలాండ్ వారు 1981లో టిబి-303 అను చిన్న వెండి రంగు పెట్టెను సుమారు 395 డాలర్లకు విడుదల చేసిరి. ఒంటరిగా వాయించు గిటారు కళాకారునకు మంద్రస్వరపు తోడుగా నుండవలెనని వారి ఉద్దేశము. ఆ ధ్వని నిజమైన వాద్యమును పోలలేదు. వాడు పద్ధతి చిక్కుగా నుండెను. సుమారు పదివేలు మాత్రమే తయారుచేసి 1984లో నిలిపివేసిరి. అవి పాత సామానుల అంగళ్లలో అగ్గువకు పడియుండగా చికాగో నగరపు పేద నీగ్రో యువకులు కొని, దాని మీటలను తోచినట్లు త్రిప్పి, 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ అను రికార్డును వెలువరించిరి. దానినుండి ఒక కొత్త సంగీత శాఖయే పుట్టెను. నేడు ఆ పాత పెట్టెను కొనుటకు వేలకొలది డాలర్లు కావలెను. వర్తకుడు పనికిరాదని త్రోసివేసిన వస్తువునకు వాయించువాడు విలువ కట్టినాడు.

మన దేశమున

మోగ్ సింథసైజరు మన దేశమునకు త్వరగానే వచ్చినది. 1969లో అహమ్మదాబాదు జాతీయ డిజైను సంస్థయందు డేవిడ్ ట్యూడర్ అను అమెరికా సంగీతజ్ఞుడు దానిని నెలకొల్పెను. గీతా సారాభాయి మొదలగువారు దానిపై ప్రయోగములు చేసిరి. 1972 నాటికి ఆ పని ఆగిపోయెను. యంత్రము సంస్థ సొత్తు. వీథిలో పాడువానికి అది అందలేదు.

అంతకంటె మన ఇండ్లకు దగ్గఱగా వచ్చిన పని బెంగుళూరునందు జరిగినది. వేణుగాన విద్వాంసుడును ఇంజనీరును అగు జి. రాజనారాయణగారు 1979లో విద్యుత్ తంబురాను రూపొందించి మద్రాసు సంగీత సభల కాలమున ప్రదర్శించిరి. తంబురాకు మనిషి కావలెను; రైలులో స్థలము కావలెను; తీగ తెగినచో బాగుచేయువాడు కావలెను. చేతిసంచిలో పట్టు పెట్టె ఆ మూడు ఖర్చులను తప్పించెను. సన్యాసులు సైతము నేడు దానితో భజన చేయుచున్నారు.

1982లో బొంబాయియందు చరణ్‌జిత్ సింగ్ అను సినిమా వాద్యగాడు పైన చెప్పిన టిబి-303తోను, మఱి రెండు రోలాండ్ యంత్రములతోను పది రాగములను వాయించి ఒక రికార్డు చేసెను. ఆ పెట్టెయందు ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జాఱు ఏర్పాటు కలదు. చికాగో యువకులు ఐదేండ్ల తరువాత దేనిని వింతధ్వనికై వాడిరో, ఆయన దానినే రాగపు జాఱునకు వాడెను. నాడు ఆ రికార్డును ఎవరును పట్టించుకొనలేదు. 2010లో విదేశమున మరల అచ్చయిన పిమ్మట ప్రపంచము ఆశ్చర్యపడెను. 2015లో మరణించుటకు ముందు ఆయన ఆ గౌరవమును కన్నులార చూడగలిగెను.

చెన్నపట్టణమున మఱియొక ఉదాహరణము కలదు. సంగీత దర్శకుడు ఆర్.కె. శేఖర్ 1976లో మరణింపగా, తొమ్మిదేండ్ల కుమారునితో మిగిలిన ఆ కుటుంబము ఆయన వాద్యయంత్రములను అద్దెకిచ్చి కాలము గడపెను. ఆ బాలుడే 1992లో ‘రోజా’ చిత్రముతో ప్రసిద్ధికెక్కిన ఎ.ఆర్. రహమాను. స్వరయంత్రము విలాస వస్తువని తలచువారు ఈ సంగతిని తలపోయవలెను. ఒక ఇంట అది అన్నము పెట్టినది; ఒక బాలునకు విద్య నేర్పినది.

ప్రతిధ్వని యంత్రములు

సింథసైజరుతోపాటు యువకులు ఎఫెక్టులు అను మఱికొన్ని పెట్టెలను కోరుదురు. వీని పని నాదమునకు స్థలమును కల్పించుట. దేవాలయ మండపమున పాడిన కంఠము రాతిగోడల తాకిడిచే నిండుగా వినబడును. రేకుల పందిటిలో అదే కంఠము ఎండినట్లుండును. ఆ మండపమును పెట్టెలో నుంచుటకు ఎన్నో ప్రయత్నములు జరిగినవి. 1957లో జర్మనీవారు పెద్ద ఉక్కు రేకును కంపింపజేయు యంత్రమును నిర్మించిరి. దాని బరువు సుమారు 270 కిలోలు. హామండ్ ఆర్గనులందు ఉక్కు స్ప్రింగులచే ఆ పని జరిపిరి. 1974లో రోలాండ్ వారి స్పేస్ ఎకో అను యంత్రము తిరుగు టేపుచే ప్రతిధ్వనిని కలిగించెను. ఫిలిప్స్ సంస్థవారు 1969లో కనుగొన్న ఒక పద్ధతియందు విద్యుత్సంకేతము, మంట నార్పువారు బానలు చేతులు మార్చినట్లు, ఒక గడినుండి మఱియొక గడికి అందింపబడును. దీనిచే టేపు అవసరము తప్పెను. 1983లో బాస్ వారి డిడి-2 అను అఱచేతి పెట్టె ఆ పనిని అంకెల లెక్కతో చేసెను. 270 కిలోల బరువు అఱచేతిలోనికి దిగుటకు ముప్పది యేండ్లు కూడ పట్టలేదు.

అయినను వీనియందు మితము పాటింపవలెను. మన పద్యమున యతి ప్రాసలు చెవికి తెలియవలెను. ప్రతిధ్వని హెచ్చైనచో ఒక అక్షరముపై నింకొక అక్షరము పడి, తెలుగు చెడి నాదము మాత్రమే మిగులును. అక్షరములు చదువలేక చెవితోనే తెలుగు నేర్చుకొను మన బిడ్డలకు ఇది పెద్ద నష్టము. కనుక ఒక్క రివర్బు, అదియు స్వల్పముగా, చాలును. నేటి సింథసైజరులు పెక్కింటియందు అది లోపలనే యుండును, వేఱుగ కొననక్కఱలేదు.

ఎన్నుకొను విధము

ఇంతవఱకు చెప్పిన చరిత్రనుండి తేలిన నియమములను లెక్కపుస్తకపు పద్ధతిని వ్రాయుచున్నాను.

మొదట ఎడమవైపు చక్రము కలదో లేదో చూడవలెను. వందల ధ్వనులు కలిగి చక్రము లేని యంత్రము కంటె, పది ధ్వనులు కలిగి చక్రము గల యంత్రము మన పాటకు మేలు. ఆ చక్రము ఎంత దూరము లాగునో మార్చుకొను వీలుకూడ ఉండవలెను. తరువాత శ్రుతిని మెట్టునకు తక్కువ భేదముతో సవరించుకొను ఏర్పాటు కావలెను. గాయకుని కంఠమునకు యంత్రము లొంగవలెను గాని యంత్రమునకు గాయకుడు లొంగరాదు. కొన్ని యంత్రములయందు ఒక్కొక్క స్వరస్థానమును విడిగా సవరించు వీలు గూడ కలదు; అదియున్నచో 1940 నాటి మొదటి ఆక్షేపణయు చాలవఱకు తీఱును.

మెట్లు హార్మోనియమునకున్నట్లు కనీసము మూడు స్థాయిలు ఉండవలెను. ఒక్క స్వరమే పలుకు యంత్రము రాగమునకు చాలును; శ్రుతి నిలుపుచు వాయింపదలచినచో పెక్కు స్వరములు పలుకునది కావలెను. తంబురా పెట్టె వేఱుగ ఉన్నచో ఆ ఖర్చు తగ్గును.

వెల చూచునపుడు పూర్తి ఖర్చును చూడవలెను. 2018లో బెహ్రింజర్ వారు పాత మినీమోగును పోలిన యంత్రమును సుమారు 300 డాలర్లకు అమ్మిరి. 1970 నాటి 1,495 డాలర్లతో పోల్చినచో ఇది గొప్ప అగ్గువ. కాని దానికి మెట్లు లేవు, చక్రము లేదు, స్పీకరు లేదు. అవి వేఱుగ కొనవలెను. 2013లో కోర్గ్ వారు సుమారు 150 డాలర్ల వెలకు తెచ్చిన వోల్కా పెట్టెలు బ్యాటరీలతో నడచును, చిన్న స్పీకరు కలవి, అభ్యాసమునకు మంచివి. కాని వాని మెట్లు వ్రేళ్లకు చాలవు. మిడి తీగతో మఱియొక మెట్లపలకను కలిపినపుడే కచేరికి పనికివచ్చును. కంప్యూటరు ఇంట నున్నచో ఆ మెట్లపలక యొక్కటి కొని, 2018లో ఉచితముగా అందఱికిని విడుదల చేయబడిన సర్జ్ వంటి సింథసైజరును దానియందు నడపుకొనవచ్చును. చేత ధనము లేని విద్యార్థికి ఇంతకంటె సులభమైన దారి లేదు.

పాత యంత్రమును కొనునపుడు ప్రతి మెట్టును నొక్కి చూడవలెను; మీటలు త్రిప్పునపుడు గరగర వినబడునేమో గమనింపవలెను; బ్యాటరీ గదిలో తుప్పు పట్టెనా చూడవలెను. పేరు ప్రతిష్ఠలకై పురాతన యంత్రముల వెంట పడరాదు. టిబి-303 కథలోని నీతి దాని నేటి వెలలో లేదు. ఆ యువకులు ఆనాడు తమకు అందిన దానిని పూర్తిగా వశము చేసికొనిరి, అదియే నీతి.

తుదకు మన సంఘములకు ఒక మనవి. ప్రతి కుటుంబమును యంత్రము కొనవలసిన అవసరము లేదు. ఒక్కొక్క సంఘము పై నియమములనుబట్టి ఒక సాధారణమైన యంత్రమును, ఒక తంబురా పెట్టెను కొని, పుస్తకములవలె పట్టీ వ్రాసి వంతులవారీగా యువకులకు ఇచ్చుట మంచిది. దానితోపాటు మన ఊళ్లలో నేటికిని మిగిలియున్న హార్మోనియము పెద్దలయొద్ద ఏ పద్యము ఏ రాగమున, ఏ స్వరముపై ఎత్తుకొనవలెనో యువకులు నేర్చుకొనవలెను. యంత్రము రేపును అంగడిలో దొరకును, వెలయు తగ్గుచునే యుండును. ఆ పెద్దలకు తెలిసినది ఏ అంగడిలోను దొరకదు. కాబట్టి కొనుట కొంత ఆలస్యమైనను, నేర్చుట ఈ సంవత్సరమే ఆరంభింపవలెనని కోరుచున్నాను.